ఒక్క దీర్ఘం తేడా

జూన్ 9

నాన్నకి,

నేను దిక్కులు చూడటం లేదు. ముందు ఆ ముక్క రాసేసి తర్వాత మిగతా కబుర్లకి వస్తాను.

నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ మన ఇంట్లో ఇదే పాట. అన్నం తింటూ కిటికీలోంచి బయటికి చూస్తే దిక్కులు చూస్తోంది. లెక్క చేస్తూ గోడ మీద ఎండ ఎంత జరిగిందో చూస్తే దిక్కులు చూస్తోంది. అత్తయ్యయితే ఏకంగా దిక్కులమ్మ అని పేరే పెట్టేసింది. ఆ దిక్కున ఏదో ఒకటి ఉంటుందని, నేను చూసేది దాన్నని మీ ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఇప్పుడు సంగతికి వస్తాను. పోయిన ఉత్తరంలో నేనేం రాశాను? "నువ్వెన్ని చెప్పినా స్టూడియోలో పని మానను" అని రాశాను. నువ్వేం జవాబిచ్చావు? "పని మానావని తెలిసి మనసు కుదుటపడింది. అత్తయ్య నీ పరుపు ఎండలో వేసింది. నీళ్లు పరీక్ష చేసే లేబొరేటరీ వాళ్లు నిన్ను మళ్లీ తీసుకుంటారేమో కనుక్కుంటాను" అని.

నువ్వు ప్రెస్సులో ముప్ఫై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్న మనిషివి. అక్షరం పొల్లు పోనివ్వవు. పదో తరగతిలో నేను రాసుకున్న సెలవు చీటీని కూడా ఎర్ర పెన్సిలుతో దిద్ది మరీ బడికి పంపావు. అలాంటివాడికి నా "మానను" కాస్తా "మానాను"గా కనబడిందంటే నేను నమ్మను. నీకు కావలసిన దీర్ఘం నువ్వే పెట్టుకుని చదివావు.

సరే, ఇక్కడి విషయాలు. కింద సైకిలు షాపు, పైన మా స్టూడియో. ముందు గదిలో ఒక స్టూలు, రెండు లైట్లు, నీలం తెర. వెనక స్నానాలగదంత చీకటి గది. అందులో ఎర్ర బల్బు కింద కాగితాలు కడిగేది నేను. స్టూడియో మేడమ్ వచ్చినవాళ్లతో మాట్లాడేవి మూడే మాటలు: గడ్డం దించండి, ఊపిరి బిగపట్టండి, అయిపోయింది. నాతో అవి కూడా మాట్లాడదు. మొన్న ఒక పాత కెమెరా చేతిలో పెట్టి, పాడైతే నీ జీతంలో పట్టుకుంటానంది. అదే ఆవిడ ఆశీర్వచనం.

దాంతో మొదటగా మా ఇంటావిడ పిల్లి ఫోటోలు తీశాను. రీలు మొత్తం దానికే అయిపోయింది. అది ఒక్కచోట కూర్చోదు, కెమెరా ఎత్తగానే మొహం తిప్పుకుంటుంది. అయినా రెండు బాగా వచ్చాయి.

సాయంత్రమయ్యేసరికి కళ్లు లాగుతున్నాయి. కొత్త కదా, అలవాటైపోతుంది.

దిక్కులు చూడని
నీ కూతురు

జూన్ 17

చిరంజీవి దిక్కులమ్మకి,

ఉత్తరం అందింది. కోపం అంతకన్నా ముందే అందింది. కవరు చింపకముందే చేతికి వేడి తగిలింది.

నేను ఉన్నదున్నట్టే చదువుతాను. నువ్వే తొందరలో దీర్ఘం పెట్టి ఉంటావు. చిన్నప్పటి నుంచీ నీ దీర్ఘాలు కావలసిన చోటికి రావు, అక్కర్లేని చోటు వదలవు. అంటే పని మానలేదన్నమాట. పరుపు మళ్లీ లోపల పెట్టించాను.

మీ ఇంటావిడ పెళ్లి ఫోటోలు తీశానని రాశావు. ఆవిడకి డెబ్బై దాటాయని ఇదివరకు నువ్వే చెప్పినట్టు గుర్తు. ఈ వయసులో తోడు దొరికిందంటే మంచిదే, కాదనడానికి మనమెవరం. అత్తయ్య మాత్రం బుగ్గలు నొక్కుకుంది. "వరుడికెన్నేళ్లో అడిగి రాయమను" అంటోంది. ఒక్క మాట. పెద్దావిడని పట్టుకుని "అది ఒక్కచోట కూర్చోదు" అని రాయడం బాగాలేదు. పెళ్లికూతురన్నాక కాలు నిలవదు. కెమెరా ఎదుట సిగ్గుపడితే వింతేముంది?

రోజంతా నిలబడే పనాయె, కాళ్లు లాగకేం చేస్తాయి. అత్తయ్య తను వాడే మందు డబ్బా పంపుతోంది. పడుకునే ముందు పిక్కలకి బాగా రుద్దుకో.

ఆ చీకటి గది సంగతి మాత్రం నాకేమీ నచ్చలేదు. ఫోటోలు తీయడం మీద నాకు కోపం లేదు. వెలుతురులో చేసుకునే పని ఏదైనా చేసుకో. కళ్లు మళ్లీ కొనుక్కునేవి కావు.

మా ప్రెస్సులో లైట్లు మరీ మందగించాయి. మేనేజరుతో చెబితే మొన్ననే కొత్తవి వేశామంటాడు. వేసినట్టు లేదు.

ఆశీస్సులతో
నాన్న

జూన్ 25

నాన్నకి,

పెళ్లి కాదు. పిల్లి. పకి గుడి. నాలుగు కాళ్లు, ఒక తోక, గోడ మీద నుంచి గోడ మీదికి దూకుతుంది. వరుడు ఎవరూ లేరు. ఉంటే ఏ డాబా మీదో ఉండి ఉంటాడు.

నవ్వొచ్చింది, నిజమే. ఇంటావిడకి చదివి వినిపిస్తే కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ తర్వాత గదిలోకి వచ్చి కూర్చుంటే ఒళ్లు మండింది. నేను మొదటిసారి నా అంతట నేను తీసిన ఫోటోల గురించి రాస్తే నువ్వు దాన్ని వేళాకోళం చేసి పంపావు. ఇంత చక్కగా అతికించి రాశావంటే కావాలని కూర్చుని రాసిందే. కాళ్ల మందు గురించి అసలు మాట్లాడను. అత్తయ్యకి థాంక్స్ చెప్పు.

నువ్వు నవ్వినా నవ్వకపోయినా ఒక సంగతి చెప్పాలి. ఇక్కడ చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు.

పాస్‌పోర్టు ఫోటోకి వచ్చేవాళ్లందరూ ఒకేలా కూర్చుంటారు. మెడ బిగించి, అద్దెకి తెచ్చుకున్నట్టు ఒక మొహం పెట్టుకుంటారు. మేడమ్ "అయిపోయింది" అంటుంది. అప్పుడు చూడాలి. భుజాలు దిగుతాయి. ఎవరి మొహం వాళ్లకి తిరిగి వస్తుంది. స్టూలు మీద నుంచి లేచేలోపు మళ్లీ పోతుంది. మేడమ్‌ని బతిమాలి ఆలోపు ఇంకొక్కసారి నేను నొక్కుతున్నాను. నిన్న ఒక లారీ డ్రైవరు వచ్చాడు, ఇంత మీసాలు. అయిపోయిందనగానే వాడి మొహంలో ఎంత భయం కనబడిందో. ఎక్కడికి వెళ్తున్నాడో అడగలేదు. ఫోటోలో మాత్రం ఉంది.

అది కడుగుతూంటే అనిపించింది, నేను మన ఇంట్లో ఇన్నేళ్లూ ఊపిరి బిగపట్టుకునే కూర్చున్నానని. లేబొరేటరీలో కూడా అంతే. అయిపోయిందని ఎవరైనా అంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు. నేనే అనుకుని లేచి వచ్చేశాను. నేను ఇల్లు వదిలి వచ్చింది మీ మీద కోపంతో కాదు.

మేడమ్ ఒక పని చెప్పింది. ఒకే మనిషిని, ఆ మనిషి పనిలో ఉండగా, రీలంతా తీసుకురమ్మంది. అది చూసి నన్ను ఉంచుకోవాలో వద్దో చెబుతుందట. నేను నిన్ను తీస్తాను. వచ్చే శనివారం వస్తున్నాను. ఇంటికి తెచ్చుకున్న ప్రూఫులు నువ్వు నీ పాటికి దిద్దుకో, నేను చుట్టూ తిరుగుతూ తీసుకుంటాను. నా వైపు చూడాల్సిన పని లేదు.

పిల్లి (పకి గుడి) కూడా అడిగానని చెప్పమంది.

నీ కూతురు

జూలై 12

చిరంజీవి దిక్కులమ్మకి,

వచ్చావు, వెళ్లావు. కూతురు వచ్చిందని అత్తయ్య ఇల్లంతా సర్దింది. నువ్వేమో ఉన్నంతసేపూ మొహానికి ఆ డబ్బా అడ్డం పెట్టుకున్నావు. నువ్వు టక్కుమనిపించడం, నేను అటు తిరగడం, ఈలోగా నువ్వు ఇంకో మూలకి పోవడం. నాతో దాగుడుమూతలు ఆడటానికి అంత దూరం నుంచి బస్సెక్కి రావాలా?

నీ వేళాకోళం మాట మనసులో పెట్టుకున్నాను. నేను ఎగతాళి చేయలేదు. అంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు.

బస్టాండుకి వచ్చాను కదా. బస్సు కదిలేదాకా నిలబడ్డాను. నువ్వు చెయ్యి కూడా ఊపలేదు. అంత కోపం ఉంటుందని అనుకోలేదు. ఇంటికి వచ్చి అన్నం సహించలేదు. అత్తయ్య అడిగితే ఎండదెబ్బ అని చెప్పాను.

అత్తయ్యతో కూడా పొద్దస్తమానం గొడవే. బకెట్టు పెట్టిన చోట ఉంచదు. నేను తన్నుకుంటే "దిక్కులు చూడటం కూతురి దగ్గర నేర్చుకున్నావా" అంటుంది.

ప్రెస్సులో రోజులు బాగాలేవు. నేను చూసిన ప్రూఫులు ఫోర్‌మన్ ఇంకొకడి చేత మళ్లీ చూపిస్తున్నాడు. నా మొహం మీద అనడు, మర్యాదస్తుడు. సంతకం పెట్టి ఇచ్చిన కాగితం నా కళ్ల ముందే పక్క బల్ల మీదికి పోతూంటే ఎలా ఉంటుందో నీకు చెప్పినా తెలియదు.

నువ్వు లేబొరేటరీలోనే ఉండి ఉంటే నాకు ఈ పూట కాస్త ధైర్యంగా ఉండేది.

నాన్న

జూలై 20

నాన్నకి,

ఉత్తరం పెద్ద అక్షరాలతో ఎందుకు రాస్తున్నానని అడగకు. చదువుతూ పో.

బస్సులోంచి నేను చెయ్యి ఊపాను. కిటికీలోంచి భుజందాకా బయటికి పెట్టి ఊపాను. కండక్టరు తిట్టాడు కూడా. నువ్వు నా వైపే చూస్తూ నిలబడ్డావు, చెయ్యి ఎత్తలేదు. దారంతా ఏడుస్తూ వచ్చాను. నాకు అంత కోపమని నువ్వు రాశావు, నీకే కోపమని నేను అనుకున్నాను.

నిన్న నీ రీలు కడిగాను. కాగితాలు వరసగా తీగ మీద ఆరేశాను. మొదటి దాంట్లో నేను గుమ్మం దగ్గర ఉన్నాను, నువ్వు బల్ల మీదికి వంగి ఉన్నావు. రెండో దాంట్లో కిటికీ దగ్గరికి వచ్చాను. నువ్వు తలెత్తి గుమ్మం వైపు చూస్తున్నావు. మూడో దాంట్లో బీరువా దగ్గర ఉన్నాను. నువ్వు కిటికీ వైపు చూస్తున్నావు. నాలుగో దాంట్లో బీరువా వైపు.

ముందు నవ్వుకున్నాను, దాగుడుమూతలన్నావు కదా అని. తర్వాత తీగ ఈ చివర నుంచి ఆ చివరికి మళ్లీ నడిచాను. ప్రతి ఫోటోలోనూ నేను అంతకుముందు ఉన్న చోటినే చూస్తున్నావు. శబ్దం ఎటు వచ్చిందో అటు తిరుగుతున్నావు. నేను నీకు నాలుగడుగుల దూరంలో, ఎండలో, ఎర్ర చీరలో నిలబడి ఉన్నాను, నాన్నా.

మేడమ్ వచ్చి నా వెనక నిలబడింది. చాలాసేపు చూసి "ఈయనకి తెలుసా?" అంది. ఏం తెలుసా అని నేను అడగలేదు.

అప్పుడు నీ ఉత్తరాలన్నీ తీసి పెట్టుకున్నాను. పిల్లి పెళ్లయింది. మానను కాస్తా మానాను అయింది. నేను రాసింది కాళ్లు లాగుతున్నాయని కాదు, కళ్లు లాగుతున్నాయని. ప్రెస్సులో లైట్లు. బకెట్టు. నీ ఉత్తరాల్లో పంక్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కితే బస్సులో కూర్చుని రాస్తున్నావనుకున్నాను.

నీకు ఎంత వరకు కనబడుతోంది? ఎన్నాళ్లుగా? వేరే కబుర్లేవీ వద్దు, ఇదొక్కటి రాయి. నిన్నటి నుంచి ఒక్క కాగితం కూడా సరిగ్గా కడగలేకపోయాను.

నేను

జూలై 30

అమ్మా,

కనబడుతుంది. ఎదురుగా ఉన్నది కనబడుతుంది, గొట్టంలోంచి చూసినట్టు. పక్కనున్నది పోయింది. అక్షరం ఒళ్లు కనబడుతుంది, దాని నెత్తిన గుడి ఉందో ఎత్వం ఉందో, పక్కన దీర్ఘం ఉందో లేదో ఊహించుకోవాలి. ముప్ఫై ఏళ్లు చదివినవాడిని కనుక ఊహ చాలాసార్లు నిలబడుతుంది. నీ ఉత్తరాల్లో నిలబడలేదు, ఎందుకంటే నువ్వేం రాస్తావో నాకెప్పుడూ ఊహకందదు.

పోయిన చలికాలంలో కంటి డాక్టరుకి చూపించుకున్నాను. నీటికాసులు అన్నాడు. లోపల ఒత్తిడి పెరిగి కంటి నరం పాడవుతోందట. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలంటే చుక్కలు మందు వేసుకోవాలి, మళ్లీ మళ్లీ చూపించుకోవాలి అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. పిల్లలకి కూడా రావచ్చునట. అక్కడితో నేను లేచి వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు.

చీకటి గది వద్దని ఎందుకన్నానో ఇప్పుడు తెలిసిందా? నీ కళ్లు మీ నాన్నవైతే చీకట్లో పెట్టి పాడుచేసుకుంటావని భయం. ఆ మాట రాస్తే నా సంగతి చెప్పాలి. చెప్పకుండా ఉద్యోగం మానమంటే నీకు నేను మొండివాడిలా కనబడ్డాను. అలా అయినా ఫరవాలేదనుకున్నాను.

నీ ఉత్తరం రావడానికి ముందురోజు ప్రెస్సులో ఒకటి జరిగింది. కాళ్లనొప్పుల మందు డబ్బాకి అంటించే కాగితం అచ్చుకి వచ్చింది. "కాళ్లకు రాయాలి" అని ఉండాలి. దీర్ఘం ఎగిరిపోయి "కళ్లకు రాయాలి" అని ఉంది. నేను కాళ్లకు అనే చదివి సంతకం పెట్టాను. మిషను దగ్గర కుర్రాడు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఎవరి కళ్లో పోయేవి. అది వాడు నాకు చూపిస్తున్నప్పుడే నీ పాత ఉత్తరం గుర్తొచ్చింది. ఇంటికి వచ్చి భూతద్దం పెట్టి చూశాను. నువ్వు రాసింది కళ్లు. అత్తయ్య మందు పంపుతూంటే నేను పిక్కలకి రుద్దుకోమన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. ఇంటికి వచ్చెయ్యి. నాకు రిటైరు కావడానికి ఇంక ఏడాదిన్నరే ఉంది. ప్రూఫులు ఇంటికి తెచ్చుకుంటాను, నువ్వు చదువు, నా పెన్సిలుతో దిద్దు, నేను సంతకం పెడతాను. ఫోర్‌మన్‌కి తెలియనక్కర్లేదు. అత్తయ్యకి చదువు రాదు, నీకు తెలుసు. పగటి వెలుతురులో కూర్చుని చేసే పని. కెమెరా వద్దనను, ఆదివారాలు తీసుకో.

చిన్నప్పటి నుంచీ దిక్కులు చూస్తావని తిట్టాను. ఇప్పుడు నాకు నువ్వే దిక్కు.

నాన్న

ఆగస్టు 8

నాన్నకి,

కవరు లావుగా ఉందని కంగారు పడకు. విషయం కొంచెమే. సైకిలు షాపు బోర్డులు రాసే అతని దగ్గర నల్లరంగు, కుంచె అడిగి తెచ్చుకున్నాను. ఒక్కో అక్షరం బొటనవేలంత రాస్తున్నాను, పేజీకి నాలుగు పంక్తులే పడుతున్నాయి. నీ గొట్టంలో పట్టేలా రాశాను. దీర్ఘాలు దూరంగా జరిపి పెట్టాను. ఊహించి చదవకు.

మొన్న కంటి ఆసుపత్రికి వెళ్లాను. వరండాలో నా వంతు వచ్చేదాకా గోళ్లన్నీ కొరికేశాను. చుక్కలు వేసి కంటిపాపలు పెద్దవి చేశారు. కుడి కన్ను బాగుంది. ఎడమ కంట్లో ఒత్తిడి గీత మీద ఉందట. ఇటూ కావచ్చు, అటూ కావచ్చు. ఆర్నెల్లకోసారి చూపించుకోవాలి. చీకటి గదివల్ల పాడవుతాయా అని అడిగితే డాక్టరమ్మ నవ్వింది. పని ఆపితే వచ్చేది రాకుండా పోదు, చూపించుకోకపోతేనే కళ్లు పోతాయంది. ఆ మాట నన్ను చూసి అన్నా, నిన్నే అన్నట్టు వినబడింది.

చుక్కలు వేస్తే సాయంత్రం దాకా దగ్గరివేవీ కనబడలేదు, దూరానివి ఎండలో అలికేసినట్టు ఉన్నాయి. బస్సు నంబరు తెలియక రెండు బస్సులు వదిలేసుకున్నాను. భయమేసింది. ఈ భయం నువ్వు చలికాలం నుంచీ ఒక్కడివే పడుతున్నావని అప్పుడు అర్థమైంది. భయంలోనే కెమెరా తీశాను. చూడకుండా, చప్పుడు ఎటు వస్తే అటు తిప్పి నొక్కాను. కడిగాను. చాలావరకు చెత్త. ఒక్కదాంట్లో ఒక తల్లి కూతురి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతోంది, ఇద్దరూ చెరో వైపు చూస్తున్నారు. అది నేను చూసి తీసింది కాదు. అయినా నాదే.

మేడమ్ నీ రీలు చూసి నన్ను ఉంచుకుంటానంది. అందులో గుమ్మం వైపు చూస్తున్న నీ ఫోటో పెద్దది చేసి నా గదిలో పెట్టుకున్నాను. నువ్వు ఒప్పుకునేదాకా ఇంకెవరికీ చూపించను. వచ్చినప్పుడు దగ్గర పెట్టి చూడు.

ఈ ఇరవయ్యో తారీకున ఇక్కడి డాక్టరమ్మ దగ్గర నీ పేరు రాయించాను. అత్తయ్యని తోడు తీసుకుని పొద్దున్నే బస్సెక్కు. బస్టాండులో నేను చెయ్యి ఊపను, ముందే మాట్లాడతాను. నా గొంతు ఎటు వస్తే అటు రా.

ఫోర్‌మన్‌తో నువ్వే చెప్పు, ఈ వారంలోనే. మర్యాదస్తుడన్నావు కదా. ప్రూఫులు కాకుండా ఆ ప్రెస్సులో ముప్ఫై ఏళ్ల మనిషికి చేసే పని ఇంకేదో ఉంటుంది. నేను దొంగతనంగా నీ ప్రూఫులు దిద్దితే అచ్చులో తప్పులు పోతాయి. నీ తప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది. నువ్వు మందు వేసుకోవు, ఎవరికీ చెప్పవు, ఏడాదిన్నర తర్వాత నా మొహం కూడా ఊహించుకోవాల్సి వస్తుంది.

నీకు దిక్కు నేనే. అందులో అనుమానం లేదు. అయితే నీ కుర్చీలో కూర్చుని నీ పెన్సిలు పట్టుకునే దిక్కుని కాను. నా కళ్లు ఎన్నాళ్లుంటాయో నాకు తెలియదు. ఉన్నన్నాళ్లూ చూడటమే నా పని.

ఇంటికి రాను.

పని మానను. నకి దీర్ఘం లేదు.

దిక్కులమ్మ